పొలము చదును చేయించుటకు ముందు యంత్రపు ఎత్తు సరిచూడుడు

కాలువలో నీరు నిండుగా పారుచున్నను పొలములో ఒక మూల తడియకపోవుట, మరొక మూల నీరు నిలిచి పైరు కుళ్ళిపోవుట మీలో అనేకులు చూచియే యుందురు. అట్టి పొలమును చదును చేయింపదలచి సర్వేయరును పిలిపింతురు. ఆయన మూడు కాళ్ళ స్టాండు నిలిపి, యంత్రము బిగించి, ఎక్కడ ఎంత మట్టి తీయవలెనో అంకెలు వ్రాసి ఇచ్చును. ఆ అంకెలను నమ్మి ట్రాక్టరు పొలములో దిగును. వాటికన్నిటికిని ఆధారమైన కొలత ఒకటి కలదు. అదియే యంత్రపు ఎత్తు. దానిని తీయుటకు నిమిషమైనను పట్టదు గాని తప్పినచో ఎంత నష్టమో ముందుగా లెక్కింతము.

ఎకరమనగా సుమారు 4,047 చదరపు మీటర్లు. అంతటను 5 సెంటీమీటర్ల మందమున మట్టి తీసినచో 202 ఘనపు మీటర్లగును. ట్రాలీకి 3 ఘనపు మీటర్ల చొప్పున 67 ట్రాలీలు దాటును. తవ్విన మట్టి వదులై ఉబ్బును గనుక ట్రిప్పులు ఇంకను పెరుగును. కిరాయి ఖర్చు ఒక ఎత్తు, ఏండ్ల తరబడి పెంట తోలి బాగుచేసికొన్న పై మట్టి పోవుట మరొక ఎత్తు.

ఎత్తు తీయు పద్ధతి అన్ని యంత్రములకు ఒకటి కాదు. డంపీ లెవెలు గాని, ఆటో లెవెలు గాని పెట్టినప్పుడు నేల నుండి దుర్భిణి వరకు టేపు పట్టవలసిన పనియే లేదు. మనకు కావలసినది దుర్భిణి చూపు సాగు మట్టము. దానిని స్టాఫే చెప్పును. మీ పొలమునకు నీరు వచ్చు తూము గడపను 10.000 మీటర్లుగా అనుకొనుడు. గడపపై స్టాఫ్ నిలువుగా పట్టించి చూడగా 1.265 వచ్చినదనుకొందము. అప్పుడు చూపు మట్టము 11.265. పిమ్మట పొలము నడుమ స్టాఫ్ పట్టగా 1.385 వచ్చినచో అచ్చట నేల 9.880. అనగా గడప కంటె 12 సెంటీమీటర్లు పల్లము. నీరు సుఖముగా వచ్చును. దూరపు మూలన 1.215 వచ్చినచో ఆ మూల 10.050. గడప కంటె 5 సెంటీమీటర్లు మెరక. కాలువలో నీరు గడపకు పైన ఎంత లోతున నడచునో చూడనిదే ఆ మూల తడియునని చెప్పరాదు.

స్టాఫ్ పట్టు మనిషి దానిని వాల్చినచో అంకె పెరుగును. 3 మీటర్ల చదువు వద్ద 5 డిగ్రీలు వాలిన 11 మిల్లీమీటర్ల తేడా వచ్చును. స్టాఫును మెల్లగా ముందుకు వెనుకకు ఊపించి, కనిపించిన అన్నిటిలో చిన్న అంకెను వ్రాసికొనవలెను.

టోటల్ స్టేషను సంగతి వేరు. దీనిని ఎత్తు తెలిసిన మేకుపై నిలిపి, మేకు తల నుండి యంత్రపు ప్రక్కనున్న గుర్తు వరకు టేపుతో కొలిచి ఆ ఎత్తును యంత్రములో ఎక్కించెదరు. మేకు ఎత్తునకు దీనిని కలిపి, ప్రిజము కర్ర ఎత్తును తీసివేసి, యంత్రము చూపు ఎత్తుపల్లముల తేడాను చేర్చి నేల మట్టము కట్టబడును. కావున టేపులో దొర్లిన తప్పు పొలములోని ప్రతి బిందువునకును అంతే చేరును.

ఒక ఉదాహరణ చూడుడు. తూము గట్టు అవతల నున్నది. పొలము నుండి కనబడదు. సర్వేయరు తూము వద్ద మొదటి మేకు, పొలము గట్టున రెండవ మేకు పాతి, యంత్రమును మార్చినాడు. రెండవ మేకు నేలకు 5 సెంటీమీటర్లు పైకి నిలిచియున్నది. సహాయకుడు టేపును మేకు తలపై గాక నేలపై ఆనించినాడు. 1.450 కావలసిన ఎత్తు 1.500 అయినది. ఇక పొలమంతయు ఉన్నదాని కంటె 5 సెంటీమీటర్లు మెరకగా లెక్క తేలును. పైన చెప్పిన 67 ట్రాలీల మట్టి ఊరకయే తరలిపోవును. ఇందు చిక్కేమనగా పొలములోని బిందువుల మధ్య తేడాలు మాత్రము సరిగానే యుండును గనుక కాగితము చూచినవారికి అనుమానమే కలుగదు. తూమును, పొలమును ఒకే చోటు నుండి చూచినచో ఈ తప్పు రెండింటికిని సమానముగా తగిలి కొట్టుకొనిపోవును. యంత్రము మారినప్పుడే జాగ్రత్త అవసరము.

దీనిని పట్టుకొనుటకు సులభమార్గము కలదు. రెండవ చోటు నుండి మొదటి మేకు తలపై ప్రిజము నిలిపి వెనుకకు చూడవలెను. మొదట తెలిసిన ఎత్తే రావలెను. తేడా సెంటీమీటర్లలో వచ్చినచో ట్రాక్టరును ఆపి తిరిగి కొలువుడు. టేపును మీటర్లలో ఒకసారి, అడుగులు అంగుళములలో మరొకసారి చదివించుట మంచి అలవాటు. 1.450 మీటర్లనగా 4 అడుగుల 9 అంగుళములు. రెండును కలియనిచో ఎక్కడో పొరపడినట్లే. కొన చెడిన టేపును 10 సెంటీమీటర్ల గీత వద్ద పట్టి ఆ పదిని తీసివేయ మరచువారు తక్కువ కాదు. నల్లరేగడి తడిగా నున్నప్పుడు స్టాండు కాళ్ళు దిగబడును. అట్టిచోట పని మొదట ఒకసారి, చివర ఒకసారి కొలవవలెను.

యంత్రపు నడుము వెడల్పు వలన టేపు కొంచెము వాలుగా నడచును. వాలుగా 1.500 మీటర్లు వచ్చి, గుర్తు నడిమి రేఖకు 10 సెంటీమీటర్లు ప్రక్కగా నున్నచో నిజమైన నిలువు ఎత్తు 1.497 మాత్రమే. పొలము చదునుకు ఈ 3 మిల్లీమీటర్లు లెక్కలోనికి రావు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైన పిమ్మట ఉపగ్రహ సంకేతములతో పనిచేయు రోవరు కర్ర గ్రామములలో చాలమందికి పరిచయమైనది. కర్రను 2.000 మీటర్ల నుండి 1.800కు దించి, చేతిలోని పెట్టెలో పాత అంకెనే ఉంచినచో నేల 20 సెంటీమీటర్లు పల్లముగా కనబడును. కర్ర నిలువుగా నున్నంతవరకు హద్దు రాయి చోటు దీనివలన మారదు. అందుచే హద్దుల తగవులో ఈ అంకెను గూర్చి వాదించి లాభము లేదు. అదే కర్రతో కాలువ వాలును గాని, మడి మట్టమును గాని తీయించుకొనునప్పుడు మాత్రము పెట్టెలో ఏ ఎత్తు ఎక్కించినారో చూపుమని అడుగుడు. కర్ర మీది గీతతో సరిపోల్చి, ఆ అంకెను తేదీతో సహా మీ కాగితముపై వ్రాయించుకొనుడు.