పదిహేనేళ్ళ విచారణ నేర్పిన పాఠం

"మీ ఐర్లండులో లంచాలుండవటగా?" ఊరికి వెళ్ళినప్పుడల్లా మా బాబాయి అడిగే ప్రశ్న ఇది. నిజమే, ఇక్కడ డ్రైవింగ్ లైసెన్సు కోసం మనమెవ్వరమూ చెయ్యి తడిపి ఉండము. అంతమాత్రాన లంచాలే లేవనుకుంటే పొరపాటు.

డబ్లిన్ చుట్టుపక్కల పచ్చిక బయళ్ళు ఇళ్ళ స్థలాలుగా మారిన తీరుపై 1997లో ఒక ట్రిబ్యునల్ వేశారు. కౌన్సిలర్లు చేతులెత్తి ఓటేస్తే చాలు, భూమి ధర ఎన్నో రెట్లు పెరిగేది. ఆ ఓట్ల కోసం డబ్బు పంచానని లాబీయిస్టు ఫ్రాంక్ డన్లప్ 2000లో ఒప్పుకున్నాడు. తుది నివేదిక 2012లో వచ్చింది, మూడు వేల పేజీలకు పైనే!

మరి ఫలితం? మాజీ మంత్రి రే బర్క్ 2005లో జైలుకు వెళ్ళాడు, అదీ లంచానికి కాదు, తప్పుడు పన్ను లెక్కలకు. డన్లప్‌కు 2009లో శిక్ష పడింది. అతని సాక్ష్యంపై ఆధారపడ్డ మరో కేసు, అతను జబ్బు పడడంతో 2013లో కుప్పకూలింది. 2015లో ట్రిబ్యునల్ తన నిర్ధారణలు కొన్నిటిని తానే వెనక్కి తీసుకుంది.

అంతా వృథాయేనా? కాదు. పాత్రికేయురాలు వెరోనికా గెరిన్ హత్య తర్వాత 1996లో ఏర్పడ్డ క్రిమినల్ అసెట్స్ బ్యూరోలో పోలీసులు, పన్ను, సంక్షేమ శాఖల అధికారులు ఒకే గూటి కింద పనిచేస్తారు. బర్క్, డన్లప్‌ల వెంట పడింది వీరే. నోరు అబద్ధమాడినా బ్యాంకు ఖాతా ఆడదు కదా! 2015 చట్టంతో నాయకులను ఎవరు, దేనికోసం కలుస్తున్నారో ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. 2018లో 1889 నాటి పాత చట్టాల స్థానంలో కొత్త అవినీతి నిరోధక చట్టం వచ్చింది.

ఇక మన సంగతి. మన రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు 1998లోనే వచ్చాయి. అయినా, కొన్నేళ్ళ క్రితం స్థలం రిజిస్ట్రేషన్‌కు వెళితే, డాక్యుమెంట్ రైటర్ చెవిలో "మామూలు" ఎంతో చెప్పాడు. రెండు రోజుల్లో తిరుగు ప్రయాణం. ఇచ్చేశాను. కంప్యూటర్లతో పొట్టపోసుకునే నేనే!

మన తొందరే వాళ్ళ ధైర్యం. ఈసారి వారం ఎక్కువ సెలవు పెడదాం. 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఐరిష్ పౌరసత్వం తీసుకున్నవారికి ఆ హక్కు లేదు. కానీ బాబాయికి ఉంది. ఆయన ప్రశ్నకు నా జవాబు అదే: "దరఖాస్తు నువ్వు పెట్టు, నీ వెనుక నేనుంటాను."