వార్తల్లో పదం: కేఎఫ్‌ఎస్

గృహరుణానికి వడ్డీ ఒక్కటే ఖర్చు కాదు. ప్రాసెసింగ్ ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ, లాయరు అభిప్రాయం, ఇంటి విలువ మదింపు వంటి బ్యాంకు ఖర్చులన్నీ వడ్డీతో కలిపి వార్షిక శాతంగా చూపే పత్రమే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (కేఎఫ్‌ఎస్). 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ రుణాలకు రిజర్వు బ్యాంకు దీన్ని తప్పనిసరి చేసింది. ఇందులో లేని రుసుమును మన స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయకూడదు.

రిజిస్ట్రేషన్ ఖర్చు వేరు. జంషెడ్‌పూర్ సీతారామ్‌డేరాలోని తెలుగు కుటుంబం రూ.40 లక్షల ఫ్లాటు కొంటోందనుకుందాం. జార్ఖండ్‌లో స్టాంపు సుంకం 4 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 3 శాతం; మొత్తం రూ.2.80 లక్షలు. బ్యాంకు ఇచ్చేది గరిష్ఠంగా 80 శాతం, అంటే రూ.32 లక్షలే. చేతిలో కనీసం రూ.10.80 లక్షలు ఉండాలి.

రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలోనే కేఎఫ్‌ఎస్ ఇవ్వాలన్నది నిబంధన. తెలుగులో అడగండి. చదివాకే సంతకం చేయండి.