నీడ చెప్పే హెచ్చరిక: పొలం పనుల్లో అతినీలలోహిత కిరణాల నుండి రక్షణ

మెదక్ జిల్లా రేగోడ్ మండలం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. ఇక్కడ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే రెండవ వారంలోను, ఆగస్టు తొలి రోజుల్లోను, మిట్ట మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. మొదటిసారి నాటికి యాసంగి కోతలు ముగిసి పొలంలో పనులు తక్కువగా ఉంటాయి. రెండవసారి పత్తిలో కలుపు తీత, వరి నాట్లు ముమ్మరంగా సాగుతుంటాయి. మే నెలలో వడదెబ్బ గురించి హెచ్చరించే మనం, వానలు పడి గాలి చల్లబడగానే ఎండ సంగతి మరచిపోతాం. కాని అతినీలలోహిత కిరణాల తీవ్రత గాలి ఉష్ణోగ్రతపై కాక, ప్రధానంగా సూర్యుని ఎత్తుపై ఆధారపడుతుంది. విస్తరణ కార్యక్రమాల్లో ఈ రెండు ప్రమాదాలను విడివిడిగా వివరించవలసిన అవసరం ఉంది.

వేడి వేరు, అతినీలలోహితం వేరు

ఒంటికి వెచ్చగా తగిలేది దృశ్య, పరారుణ కిరణాల శక్తి. అతినీలలోహిత కిరణాలను మన ఇంద్రియాలు గుర్తించలేవు. వీటిలో 280 నానోమీటర్ల కన్న తక్కువ తరంగదైర్ఘ్యం గల 'సి' కిరణాలను వాతావరణమే అడ్డుకుంటుంది. 280–315 నానోమీటర్ల 'బి' కిరణాలు చర్మాన్ని కమిలించి, కణాలలోని డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. 315–400 నానోమీటర్ల 'ఎ' కిరణాలు చర్మం లోపలి పొరలకు చేరి ముడతలకు కారణమవుతాయి. పలుచని మబ్బు వేడిమిని తగ్గించినా, ఈ కిరణాలలో అధిక భాగాన్ని కిందికి దిగనిస్తుంది.

మన చర్మంలోని మెలనిన్ సహజమైన కవచం. అందువల్లనే చర్మ క్యాన్సర్ మన ప్రాంతంలో అరుదు. అయినా మంగు మచ్చలు పెరగడం, చర్మం ముందుగానే ముడుతలు పడటం తప్పవు. కంటికి ఈ కవచం చాలదు. శుక్లాలకు, కంటి నల్లగుడ్డుపైకి పాకే కండపొరకు దీర్ఘకాలపు ఎండ ఒక కారణం. వయ్యారిభామ పీకేవారిలో కొందరికి వచ్చే చర్మశోథ కూడా ఎండ తగిలితే తీవ్రమవుతుంది.

ఎండ వల్ల మేలు

ఎండను పూర్తిగా మానుకోవడం పరిష్కారం కాదు. చర్మంలో విటమిన్ 'డి' తయారు కావడానికి 'బి' కిరణాలే ఆధారం. ఉదయపు లేత ఎండలో ఇవి చాలా స్వల్పం. తిరుపతిలో జరిపిన పరిశోధనలో 11 నుండి 2 గంటల మధ్యనే ఈ విటమిన్ అధికంగా తయారవుతుందని తేలింది. కిటికీ అద్దం 'బి' కిరణాలను ఆపివేస్తుంది కనుక, గదిలో కూర్చుంటే ఈ ప్రయోజనం కలగదు. ఇంటిపట్టున ఉండే వృద్ధులు, కార్యాలయాల్లో పని చేసేవారు చేతులు, కాళ్లకు కొద్దిసేపు ఎండ తగలనిచ్చి, చర్మం చురుక్కుమనకముందే నీడకు చేరాలి. రోజంతా పొలంలో ఉండే కూలీలకు మాత్రం ప్రత్యేకంగా ఎండలో కూర్చోవలసిన పని లేదు. వారికి కావలసింది రక్షణ. నీడలో పెంచిన నారును నాటే ముందు క్రమంగా ఎండకు అలవాటు చేస్తాం. క్షేత్రానికి కొత్తగా వచ్చే విద్యార్థులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

కర్రతో కొలత

పొలం గట్టున మీటరు పొడవు కర్రను నిలువుగా పాతాలి. నీడ కర్ర కన్న పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీలకు పైన ఉన్నట్లు. అప్పుడు రక్షణ తప్పనిసరి. ఈ అక్షాంశానికి లెక్క కడితే, ఆగస్టు మొదట్లో ఈ స్థితి ఉదయం సుమారు 9:15 నుండి మధ్యాహ్నం 3:30 వరకు ఉంటుంది. డిసెంబరు మూడవ వారంలో ఇది 11 నుండి 1:30 వరకే పరిమితం. కనుక నాట్లు, కలుపు తీతలకు అవసరమైన జాగ్రత్త, చివరి పత్తి ఏరివేతలకు కావలసిన జాగ్రత్త ఒకటే కాదు.

పాటించదగిన పద్ధతులు

• ఆగస్టులో కలుపు తీత, నాట్లను వీలైనంత పెందలకడ మొదలుపెట్టి, మిట్ట మధ్యాహ్నం చెట్టు నీడన విరామం తీసుకోవాలి.
• చెమటకు కొట్టుకుపోయే లేపనాల కన్న ఒత్తైన నేత గల బట్ట మేలు. చీరపై పొడుగు చేతుల పాత అంగీ వేసుకునే మన ఆడకూలీల అలవాటు శాస్త్రసమ్మతమే. తడిసిన నూలు బట్ట రక్షణ తగ్గుతుంది.
• వంగి నాటు వేసేటప్పుడు ఆకాశం వైపు ఉండేది ముఖం కాదు, మెడ వెనుక భాగం. కాబట్టి రుమాలు లేదా కొంగు మెడపైకి దిగేలా కట్టుకోవాలి.
• కంటి రక్షణకు వెడల్పు అంచు టోపీ, అతినీలలోహిత కిరణాలను ఆపే కళ్లద్దాలు వాడాలి. ఆ గుణం లేని నల్లద్దాల వెనుక కంటిపాప విచ్చుకుంటుంది కనుక హాని పెరగవచ్చు.

వానాకాలం శిక్షణలో విత్తనం, ఎరువులతో పాటు ఈ కర్ర ప్రదర్శనను చేర్చడం మంచిది. దీనికి ఖర్చు లేదు, పరికరం అక్కరలేదు. చదువు రాని కూలీ సైతం తన నీడను చూసి నిర్ణయం తీసుకోగలదు.