టెండరులో మన వాటా ఎక్కడ?

కొవ్వూరు - రాజమండ్రి మధ్య గోదావరి మీద 1900లో హేవ్‌లాక్ వంతెన, 1974లో రోడ్డు-రైలు వంతెన, 1997లో ఆర్చి వంతెన, 2015లో నాలుగో వంతెన వచ్చాయి. కొవ్వూరు అసెంబ్లీ సీటు 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు. ఇలాంటి వంతెనలు కట్టే టెండరు మాత్రం కాదు.

టెండరుకి కులం లేదంటారు. తక్కువ రేటు వేసినవాడిదే పని అంటారు. కానీ రేటు వెయ్యాలంటే ముందు గుమ్మం దాటాలి. కేంద్ర ప్రజాపనుల శాఖ పద్ధతే చూడండి: గత 7 ఏళ్లలో అంచనా విలువలో 80 శాతం ఉండే అలాంటి పని ఒకటైనా, 40 శాతం ఉండేవి మూడైనా చేసి ఉండాలి. పైగా ధరావతు కట్టాలి. తాతల నాటి భూమి లేనివాడు ఆ సొమ్ము ఎక్కణ్ణించి తెస్తాడు? కులం పేరెత్తకుండానే కులం పనిచేసే తీరు ఇది.

చట్టాలు లేవా? ఉన్నాయి. 2012 నాటి కేంద్ర విధానం మొత్తం కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనమంది. అది సరుకులకీ సేవలకీ. కట్టడం పనులకి కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకి 50 శాతం ఇచ్చింది. అది నామినేషన్ పనుల్లోనే. కర్ణాటక టెండరు పనుల్లోనే ఎస్సీ, ఎస్టీలకి 24.1 శాతం కేటాయించి, 50 లక్షల పరిమితిని 2023లో కోటికి పెంచింది. కోటి రూపాయలకి గోదావరి మీద వంతెన లేస్తుందా?

అందుకే మేము అడిగేది ఒకటే. పెద్ద పనుల సబ్ కాంట్రాక్టుల్లో వాటా, ధరావతులో మినహాయింపు, కూలి డబ్బు ముట్టాకే కాంట్రాక్టరు బిల్లు పాసు కావడం - ఈ మూడూ టెండరు కాగితంలోనే షరతులుగా రాయాలి. పని మొదలయ్యాక అడిగితే అది దయ. టెండరులో రాస్తే హక్కు.