కొండ, కొయ్య, గరిటె

నెల్లూరు నుండి ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి పోవునపుడు సీమ రూపు మెల్లమెల్లగా మారును. పెన్ననీటి వరిమళ్లు వెనుకబడి మెట్టచేలు, చిట్టడవులు, వెలికొండలు ఎదురగును. ఛాయాచిత్రములు తీయుటకు వచ్చువారిలో పలువురు కోటను తీసి తృప్తిపడుదురు. అది సహజమే. 3079 అడుగుల కొండపై నిలిచిన ఆ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘమైన ముట్టడి పిమ్మట 1514లో గజపతుల నుండి గైకొనెను.

కాని కోట చెప్పునది గడచిన కథ. ఆ కొండ నేటికిని జనులకేమి ఇచ్చుచున్నదో తెలియవలెనన్న గరిటెను చూడవలెను. ఉదయగిరిలో నర్ది, బిక్కి వంటి అడవి కొయ్యలతో గరిటెలు, చెంచాలు చేతితో చెక్కువారు కలరు. కొయ్యగరిటె పిడి చేతిని కాల్చదు. పులుసు తగిలినను కిలుము పట్టదు. మెట్టసీమలో రాగిసంకటి కెలుకుటకును కొయ్యతెడ్డే వాడుక. అడవిలో ఆ చెట్లు తరిగినచో ఈ చేతిపనియు తరుగును.

కావున కొండను, చెక్కుచున్న చేతిని, పొయ్యిమీది సంకటిని వరుసగా చిత్రించుడని మా మనవి. ప్రొద్దుటి ఏటవాలు వెలుగులో కొండ మడతలు స్పష్టముగా కనబడును. చేతిపనికి వాకిటి నీడ మేలు. వంటింటిలో అడుగిడుటకు ముందు ఇల్లాలి అనుమతి పొందవలెను. సంకటిని వింతగా చూపరాదు. అది ఆ ఇంటివారి నిత్యాహారము. తీసిన చిత్రములలో ఒకటి వారికి పంపుట మరువరాదు.