నర్సు నోటిమాట – ఇంటివారి చేత

ఆసుపత్రినుండి రోగిని ఇంటికి పంపునపుడు మందుచీటితోబాటు నాలుగు మాటలు చెప్పి పంపుట అంతట నున్న ఆచారమే. ఆ మాటలు ఎవరికి చెప్పుచున్నారు, ఏ భాషలో చెప్పుచున్నారు, విన్నవారికి బోధపడినదో లేదో మరల పరీక్షించుచున్నారా యను ప్రశ్నలను మేము నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

బరంపురమునందలి గోసాని నువాగాం మొదలగు పేటలను తలచుకొనిన ఈ ప్రశ్నల బరువు తెలియును. గంజాము మండలము 1936 ఏప్రిలు 1వ తేదీన మద్రాసు రాజధానినుండి విడివడి క్రొత్త ఒరిస్సా రాష్ట్రమున చేరినది. సరిహద్దు మారినను వంటింటి భాష మారలేదు. ఇంట తెలుగును, వీథిలో ఒడియాను మాటలాడు కుటుంబములు ఈ పట్టణమున నేటికిని పెక్కులు. 1962లో స్థాపితమై, మహారాజా కృష్ణచంద్ర గజపతి పేర నడచుచున్న వైద్యకళాశాల ఆసుపత్రియే ఇచటి పేదలకు దిక్కు. అంగడిలో బేరమాడుటకు చాలిన ఒడియా, మనుమనికి విరేచనములు పట్టిన రాత్రి ముసలి నాయనమ్మకు చాలునా?

విరేచనముల మాట ఊరక యెత్తలేదు. 1971లో తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకుల శిబిరములలో కలరా చెలరేగినది. బంగావ్‌లో డాక్టరు దిలీప్ మహలనబీస్ గారికి నరములలోని కెక్కించు సెలైను చాలలేదు. ఆయన ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని సిద్ధము చేయించి, రోగుల బంధువుల చేతనే త్రాగించెను. నూటికి 30 వరకు నున్న మరణములు 4కు లోపుగా దిగినవి. ఆ నీరు ఎంత గొప్పదో, తల్లులకు అక్కసెల్లెండ్రకు దానిని త్రాగించు విధము నేర్పుటయు అంత గొప్పది. రెండవదానిని మనము తరచు మరచుచున్నాము.

నేడు ఆ పొడి పొట్లములలో లభించుచున్నది. అందును చిక్కు కలదు. ఒక లీటరు నీటికి ఉద్దేశించిన పెద్ద పొట్లమును, 200 మిల్లీలీటర్లకు ఉద్దేశించిన చిన్న పొట్లమును అంగళ్లలో దొరకును. పెద్ద పొట్లమును ఒక గ్లాసెడు నీటిలో కలిపినచో ఉప్పు మితిమీరి బిడ్డకు కీడగును. చిన్నదానిని లీటరులో పోసినచో పస యుండదు. "లీటరు నీళ్లలో కలుపుడు" అని చెప్పిన మాత్రమున పాఠము ముగిసినట్లు కాదు. ఆ యింటి చెంబునో సీసానో తెప్పించి, ఎంతవరకు నీరు పోయవలెనో గీత గీసి చూపవలెను. పిమ్మట నాయనమ్మ చేతనే కలిపింపవలెను. కలిపిన నీటిని 24 గంటలకు పైన వాడరాదనియు, వాంతి యైనచో పది నిమిషములాగి చెంచాతో మెల్లగా మరల పట్టవలెననియు, బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకున్నను, విరేచనములో నెత్తురు పడినను తడయక ఆసుపత్రికి తేవలెననియు చెప్పవలెను.

"తెలిసినదా?" అని యడుగుట వ్యర్థము. తెల్లదుస్తుల యెదుట తల యూపనివారు లేరు. "అమ్మా, నేను సరిగా చెప్పితినో లేదో చూచుకొందును, ఇంటికి పోయి ఏమి చేయుదురో ఒకసారి చెప్పండి" అని యడిగిన నర్సుకు నిజము తెలియును. తప్పు రోగిది కాదు, చెప్పినవారిదే యను భావము ఆ మాటలో నుండుటచే వినువారికి సిగ్గు కలుగదు.

ఇక ఎవరికి చెప్పవలెను? మంచముప్రక్క కూర్చున్న కోడలికి చెప్పి పంపుదురు. ఇంట మాట చెల్లునది అత్తగారిది. గంజామునుండి సూరతు మిల్లులకు వలసపోయినవారు వేలకొలది. అట్టివాడు క్షయతో ఇల్లు చేరినచో సాధారణముగా ఆరునెలలు మందు మ్రింగవలెను. రెండవ నెలలోనే దగ్గు తగ్గి, ఒంటికి బలము వచ్చి, మరల రైలెక్కవలెనని తోచును. ఆ దినము అతనిని ఆపవలసినది భార్యయో తల్లియో. వారికి ముందే చెప్పియుండనిచో ఎవరాపుదురు?

నర్సులు తక్కువ, రోగులు ఎక్కువ, తీరిక యెక్కడిదని యడుగువారి మాట నిజమే. మేము నర్సులను నిందించుట లేదు. కాని విడుదలనాడు ఒక్కసారిగా ఇరువది సంగతులు చెప్పుటకంటె, చేరిననాటినుండి జ్వరము చూచునపుడొకటి, కట్టు కట్టునపుడొకటి చెప్పుట సులభము. ఈ పనిని కూడ పనిగా లెక్కించి నర్సుల వేళలలో చేర్చుట అధికారుల విధి. బరంపురములో నర్సింగు నేర్చు బాలికలకు రోగశయ్యకు చాలినంత తెలుగు నేర్పుట కష్టము కాదు. విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రికి దక్షిణ ఒడిశానుండి వచ్చు రోగుల యెడ మన తెలుగు నర్సులకును ఇదే ఋణము కలదు. ఆ సంగతి మనవారు మరువరాదు.

కరపత్రములు తెలుగులో అచ్చువేయించిన చాలునని కొందరందురు. మాకంత నమ్మకము లేదు. ఒడియా బడులలో చదివిన తెలుగు పిల్లలలో అనేకులకు తెలుగు మాట వచ్చును, తెలుగు అక్షరము రాదు. అవ్వలలో పలువురకు ఏ అక్షరమును రాదు. అట్టి యింటికి మాత్రల పొట్లముమీద ఉదయమునకు సూర్యుని, రాత్రికి చంద్రుని బొమ్మ వ్రాసి, నోటితో తెలుగున చెప్పి పంపిన నర్సే ఎక్కువ మేలు చేయును.