యువజనుల మనోవ్యాధులు - అందరికీ అందవలసిన వైద్యము

జ్వరము వచ్చినపుడు వైద్యుని కడకు పోవుటకు ఎవరును సిగ్గుపడరు. మనస్సు నలిగినపుడు మాత్రము ఇంటివారు దానిని రహస్యముగా దాచెదరు. లేదా గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. ఈ దాపరికము వలన ఎక్కువ నష్టపడువారు యువజనులు. పెక్కు దేశముల పరిశోధనలను క్రోడీకరించి 2022లో వెలువడిన ఒక సమీక్షను బట్టి, మనోవ్యాధులలో మూడవ వంతు 14 ఏండ్ల లోపుననే, సుమారు సగము 18 ఏండ్ల లోపుననే ప్రారంభమగుచున్నవి. మన దేశమున 2015-16లో నిమ్హాన్స్ సంస్థ జరిపిన జాతీయ సర్వేలో 13 మొదలు 17 ఏండ్ల వారిలో నూటికి సుమారు 7గురికి ఏదో యొక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలినది. పెద్దవారిలో పలు రుగ్మతలకు చికిత్స అందనివారు నూటికి 70కి పైబడి యుండిరి.

2016లో నిజామాబాదు నుండి విడివడి ఏర్పడిన కామారెడ్డి జిల్లాను దృష్టియందుంచుకొని దీనిని ఆలోచింతము. కామారెడ్డి పట్టణము రైలుమార్గముపైనను, జాతీయ రహదారిపైనను ఉన్నది. 2023లో అచట ప్రభుత్వ వైద్య కళాశాలయు వెలసినది. ఎల్లారెడ్డి ప్రాంతపు అడవి అంచు పల్లెలకును, లంబాడీ తండాలకును ఈ సౌకర్యములు చేరువలో లేవు. కుంగుబాటునకు చికిత్స నెలల తరబడి సాగవలెను. వైద్యుని చూచి వచ్చిన ప్రతిమారు ఒకనాటి కూలి పోవును, బస్సు ఛార్జీలగును. తండ్రి గల్ఫ్ దేశమున, తల్లి పొలమున ఉన్న ఇంట పిల్లవాని వెంట పోవువారెవరు? తండా బాలిక తన దిగులును తల్లి భాషలో చెప్పుకొన్నచో వినువారెవరు? వైద్యము అందరిదగుట యనగా ఈ ప్రశ్నలకు సమాధానము దొరకుట.

ఈ జిల్లాలో మరియొక చిక్కు కలదు. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్, బీర్కూరు మండలములలో కల్తీకల్లు త్రాగి పలువురు ఆసుపత్రుల పాలైరి. కల్లులో అల్ప్రజోలం వంటి మత్తుమందు కలిపినచో, త్రాగువాడు తెలియకయే దానికి బానిసయగును. అది హఠాత్తుగా ఆగినపుడు నిద్ర పట్టదు, చేతులు వణకును, మూర్ఛ రావచ్చును, పిచ్చిమాటలు వెలువడవచ్చును. చూచువారు దానిని పిచ్చి యందురు. వైద్యుని పర్యవేక్షణలో మందును క్రమముగా తగ్గించినచో అది నయమగును. దుకాణము మూసి వైద్యము చూపకున్నచో ఆపద ఇనుమడించును.

మార్గము లేకపోలేదు. 1980వ దశకమున బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకును, కార్యకర్తలకును శిక్షణ నిచ్చి, మనోవ్యాధులకు ఊరి దాపుననే చికిత్స చేయవచ్చునని నిమ్హాన్స్ చూపినది. ఆ నమూనాపైననే 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమము మొదలైనది. పిదప జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు పశ్చిమ గోదావరి పల్లెలలో ఆశా కార్యకర్తలచే ఇంటింట ప్రశ్నలడిగించి, కుంగినవారిని గుర్తింపజేసి, సమీప వైద్యుని కడకు పంపించిరి. హర్యానా పల్లెలతో కలిపి 2024లో ప్రకటించిన ఫలితములలో కుంగుబాటు తగ్గినట్లు తేలినది. ఆ పరిశోధన వయోజనులను గూర్చినది. యువజనుల కొరకు ఇదే పనిని పాఠశాలలు, కళాశాలలు, వసతిగృహములు చేపట్టవలెను.

చట్టమును తోడుగా నున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్సను ప్రతి వ్యక్తికిని హక్కుగా ప్రకటించినది. లింగము, కులము, మతము, వైకల్యము కారణముగా భేదము చూపరాదన్నది. ఆత్మహత్యకు యత్నించిన వానిని తీవ్ర మనోవేదనలో నున్నవానిగా భావించి ఆదుకొనవలెనన్నది.

పిల్లవాడు రెండు వారములకు మించి నిద్ర, ఆకలి, ఆటపాటలు విడిచి ముభావముగా నున్నచో, మందలింపక మాటాడింపుడు. చావు మాట యెత్తినచో వానిని ఒంటరిగా విడువవలదు. వెంటనే వైద్యుని కడకు తీసికొనిపొండు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్ళు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. ఆ సంఖ్యను ప్రతి బడి గోడపైనను, ప్రతి తండా కూడలియందును వ్రాయించుట గ్రామపెద్దలు రేపే చేయదగిన పని.